బేస్తు, బోరు, డ్రాపు

ఈ వారం నన్ను సంతోషపెట్టిన మాట, చిరాకు పెట్టిన మాట రెండూ ఒకే నోటి నుంచి వచ్చాయి. ఆ నోరు మా అక్క కొడుకుది. మంగంపేటలో ముగ్గురాయి పొడిచేసే మిల్లులో పని చేస్తాడు. ఆదివారం ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూనే, "మామా, ముగ్గురాయి పేక ముక్కల్లో గూడా ఏస్తారంట, నీకు తెల్సునా?" అన్నాడు.

నాకు తెలీదు. వెతికి చూస్తే నిజమే. కొన్ని రకాల పేక ముక్కలకు వాడే కాగితంలో పీచుకూ పీచుకూ నడుమ బరైటీస్ పొడి దట్టిస్తారట. దాంతో ముక్క పలచగా ఉంటూనే బరువెక్కుతుంది. పంచేటప్పుడు గాలికి తేలిపోకుండా జారుకుంటూ వెళ్లి, ఎవరి ముందు పడాలో వాళ్ల ముందే పడుతుంది. ముగ్గురాయిని ఒక్కసారి చేత్తో ఎత్తినవాళ్లకు ఇందులో వింతేమీ ఉండదు. నీటికి నాలుగింతలు మించిన బరువు దానిది. ఓబులవారిపల్లె మండలంలో ఈ ఒక్క ఊరి కింద ఉన్న నిల్వ ప్రపంచంలోకెల్లా పెద్దవాటిలో ఒకటని చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాం, ఆ లారీల దుమ్ము తింటూనే ఉన్నాం. అయితే ఆ రాయిలో ఎక్కువ భాగం పోయేది వాకిట్లో ముగ్గులకూ కాదు, పేక కట్టలకూ కాదు, నూనె బావులకు. భూమిలోకి వేల అడుగులు తొలిచేటప్పుడు అడుగు నుంచి గ్యాసూ చమురూ ఒక్కసారిగా ఎగదన్నకుండా ఆ బావిని బరువైన బురదతో నింపి ఉంచుతారు. ఆ బురదకు బరువునిచ్చేది ముగ్గురాయి పొడే. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

ఆ సంతోషంలో నేనొక పరాచికం ఆడబోయాను. "అయితే నువ్వు బేస్తు పడినప్పుడల్లా మన ఊరి రాయే నెత్తిన పడినట్టులే" అన్నాను. వాడు నవ్వలేదు. "బేస్తంటే ఏంది మామా? బేస్తవారమా?" అన్నాడు.

వాడు పేకాట తెలియని మనిషయితే ఊరుకుందును. లోడింగుకు లారీలు వరసలో నిలబడి ఉన్నప్పుడు డ్రైవర్లూ క్లీనర్లూ చెట్టు నీడ చూసుకుని తువ్వాలు పరుస్తారు కదా, ఆ తువ్వాలు చుట్టూ వీడూ ఒకడు. రమ్మీ లెక్కలన్నీ నోటికొచ్చు. పదమూడు ముక్కలు. బొమ్మలకూ ఆసుకూ పది పది, జోకరుకు సున్నా. జోకరు లేని వరస ఒకటి పడకపోతే చేతిలో ఉన్నదంతా లెక్కకొస్తుంది, అయినా ఎనభై దాటదు. ముక్కలు విప్పి చూసుకుని, బాగా లేవనుకుంటే ఆడకముందే బోర్లించేయొచ్చు, దానికి ఇరవై. ఒక్క ముక్క లాగినాక బోర్లిస్తే నలభై. మొదటిది డ్రాపు, రెండోది మిడిల్ డ్రాపు, ఎనభై పడితే ఫుల్ కౌంటు. కొన్ని చోట్ల డ్రాపును స్కూటు అంటారు, స్కూటరుతో సంబంధం ఉందా అని నన్ను అడక్కండి. మానుకోవడానికి ఇన్ని మాటలున్నాయి. ఆట భుజాన వేసుకుని ఓడిపోయినవాణ్ణి పిలవడానికి మాత్రం ఒక్కటి లేదు, అంకె ఉంది.

బేస్తు నాకు కోడూరు రైల్వే క్వార్టర్ల పుణ్యాన దొరికింది. మా వైపు పేక ముక్కల్ని ఇస్పేటాకులనేవాళ్లు. నాలుగు రంగుల్లో ఒకదాని పేరు కట్ట మొత్తానికి పెట్టేశాం, పక్కన కన్నడం వాళ్లూ ఆ పనే చేశారు. ఆ ఇస్పేటాకుల లోకంలోకి చీపురుపల్లి వైపు నుంచి బదిలీ మీద ఒక గూడ్సు గార్డు వచ్చాడు. "ఏటండీ, ఇక్కడ బేస్తు ఆడరేటండీ?" అని ఆయన అడిగిన తీరుకు మా నాయనా చిన్నాయనా చాలాకాలం నవ్వుకున్నారు. నవ్వుకుంటూనే నేర్చుకున్నారు. ఆయన నేర్పిన పద్ధతి ఇది: ముక్కలు పంచినాక ఎవరో ఒకరు "ఆట నాది" అనాలి. తురుపు ఏదో అతనే చెబుతాడు. ఆ క్షణం నుంచి మిగిలినవాళ్లంతా అతని మీద ఒక్కటి. కావలసినన్ని పట్లు తెచ్చుకున్నాడా, నడుమ ఉన్న పైకమంతా అతనిది. తెచ్చుకోలేకపోయాడా, నడుమ ఎంతుందో అంతా మళ్లీ తన జేబులోంచి పెట్టాలి. అదీ బేస్తు పడడమంటే. గమనించండి, పక్కనున్నవాళ్లు ఎంత చెత్తగా ఆడినా బేస్తు పడరు. "ఆట నాది" అన్నవాడికి మాత్రమే ఆ హక్కు.

ఇప్పుడు ఈ మాట పుట్టుక సంగతి. రాజంపేట నుంచి ఉత్తరాలు రాసే రిటైర్డు తెలుగు పండితుల వారు ఈ పాటికి కలం మూత తీసి ఉంటారు. బేస్తు అంటే బేస్తవారమేనని, బృహస్పతి వారం నాడు జూదమాడితే గురుడు ఆగ్రహిస్తాడని, అందుకే ఓడినవాణ్ణి అలా అన్నారని ఆయన రాయబోతున్నారు. బృహస్పతి బేస్తయిన మాట నిజమే. మన బేస్తవారం పేరులో ఉన్నదదే. కానీ పేకాట బేస్తుకు గురుడితో చుట్టరికం లేదు. అది ఓడ దిగి వచ్చింది.

ఫ్రాన్సులో బెత్ అనే పేకాట ఉండేది. ఆ మాటకు పశువని అర్థం, బుద్ధిలేనివాడని కూడా. పాత రాతలో దాని నడుమ స్ అక్షరం ఉండేది. ఇంగ్లండులో 1674లో చార్లెస్ కాటన్ అచ్చువేసిన జూదాల పుస్తకం, ది కంప్లీట్ గేమ్‌స్టర్‌లో, ఇదే ఆట బీస్ట్ పేరుతో కనిపిస్తుంది. ఆటకూ, ఆటలో ఓడినవాడు కట్టే జరిమానాకూ ఒకటే పేరు. దీనికి చుట్టమైన ఇంకో ఆట స్పెయిన్ నుంచి యూరపంతా పాకింది, దాని పేరు ఓంబ్రే. స్పానిషులో ఓంబ్రే అంటే మనిషి. ఆట తన మీద వేసుకున్నవాడే ఆ మనిషి. అంటే ఆట తీసుకునేటప్పుడు మనిషి, నిలబెట్టుకోలేకపోతే పశువు. ఇంత కటువైన తీర్పు చెప్పే లెక్క ఇంకే ఆటలోనూ నేను చూడలేదు.

మరి ఆ పశువు మన దగ్గరికి ఎవరి ఓడలో వచ్చింది? మచిలీపట్నంలో ఈనాటికీ వలందపాలెం ఉంది, పరాసుపేట ఉంది, ఇంగ్లీషుపాలెం ఉంది. హాలెండు వాళ్లు, ఫ్రెంచివాళ్లు, ఇంగ్లీషువాళ్లు ముగ్గురూ అక్కడ కొట్లు పెట్టి, కాపురాలుండి, సాయంత్రం పూట ఏం తోచక పేకాడుకుని ఉంటారు. నా ఓటు వలందావాళ్లకే. ఎందుకంటే మన రంగుల పేర్లు చూడండి. కళావరు వాళ్ల క్లావర్, ఆటీను వాళ్ల హార్టెన్. తురుపు కూడా వాళ్ల ట్రూఫ్‌కు చాలా దగ్గర. వాళ్ల భాషలో పశువును పలికే తీరు బేస్ట్. పక్కనే ఒక ఉకారం చేర్చుకుంటే చాలు, అచ్చ తెలుగు అయిపోతుంది. ఇస్పేటు మాత్రం వాళ్లది కాదు. వాళ్లు దాన్ని స్కోపెన్ అంటారు, ఆ పేరు శ్రీలంకలో దిగబడి సింహళంలో ఇస్కోప్ప అయింది. బేస్తు ఫలానా ఓడలోనే దిగిందని ఎవరైనా బల్లగుద్దితే నేను వాదించను. ఓడ ఏదైనా రేవు మనదే.

ఈ పాటికి కొందరు పాఠకులు "ఇంగ బ్రౌను దొర బంగళా దారి పడతాడు సూడు" అనుకుంటూ ఉంటారు. పడతాను. కడపలో కూర్చుని మాటల పుట్టుక రాస్తూ ఆ దారిన పోకపోతే కాళ్లు ఊరుకోవు. 1852లో ఆయన పెద్ద నిఘంటువు వచ్చింది. అది చాలదన్నట్టు తెలుగులో కలిసిపోయిన పరాయి మాటల కోసం 1854లో మిశ్రభాషా నిఘంటువని ఇంకొకటి విడిగా వేశాడు. కచేరీల్లో, సంతల్లో, నౌకర్ల నోట, సిపాయిల నోట నలిగే మాటలకు కూడా ఒక పుస్తకం కావాలని ఒక దొరకు తోచింది. మన పండితులకు మాత్రం అవి ఎంగిలి మాటలు. ఈ మాట నేను ఈ పేజీలో చాలాసార్లు అన్నాను, ఇక ముందు కూడా అంటాను.

గురజాడకు ఆ ఎంగిలి పట్టింపు లేదు. ఆయన కన్యాశుల్కంలో మధురవాణి ఇంట పేకాట గుర్తుందా? పోలిశెట్టి ముక్క ముక్కకూ ప్రాణం పోయేట్టు ఆడతాడు. ఇంగ్లీషులో అలెగ్జాండర్ పోప్ ది రేప్ ఆఫ్ ది లాక్ అనే కావ్యంలో ఓంబ్రే ఆటను మహాయుద్ధంలా వర్ణించాడు, బెలిండా అనే అమ్మాయి ఓటమి అంచుదాకా పోయి గెలుస్తుంది. పోప్ ముక్కలకు కిరీటాలు పెట్టి, కత్తులిచ్చి యుద్ధానికి పంపాడు. గురజాడ ఆడేవాళ్ల నోళ్లు విప్పి ఊరుకున్నాడు. నాకు గురజాడ పేకాటే గొప్పగా తోస్తుంది. ఇందులో పక్షపాతం ఉంటే ఉండనీండి.

బేస్తు అనే మాట ఒక్క మన దగ్గరే ఆట దాటి బయటకు రాలేదు. స్వీడన్‌లో ఎవరైనా ఒక పని నెత్తికెత్తుకుని చేయలేక చతికిలపడితే 'గో బేత్' అంటారు, అదీ ఈ ఫ్రెంచి పశువు సంతానమే. ఆట మరిచిపోయినవాళ్ల నోట కూడా మాట బతికింది. మా నాయన కూడా అంతే. పేక పట్టడం మానేసినాక కూడా, ఎన్నికల్లో డిపాజిట్టు పోయినవాణ్ణి, అత్తగారింట అలిగి కూర్చుని ఎవరూ బతిమాలక తిరిగొచ్చిన అల్లుణ్ణి, బేస్తు పడ్డాడనేవాడు.

ఇక్కడిదాకా రాసి, ఇక రమ్మీ కుర్రాళ్లను రెండు తగిలించి ముగిద్దామనుకున్నాను. నా దగ్గర సరుకు సిద్ధంగానే ఉంది. మీరు ఆడేది ఆటా? ముక్కలు బాగాలేవని ఇరవై కట్టి పక్కకు జరిగేదాన్ని ఆటంటారా? "ఆట నాది" అని నలుగురి ముందు అని, ముగ్గురినీ ఎదిరించి, ఓడితే పశువుననిపించుకోవడానికి సిద్ధపడిన మనుషులెక్కడ, సెల్‌ఫోన్‌లో ఒక గుండీ నొక్కి పారిపోయే మీరెక్కడ? ఇట్లా సాగాలి. సీమ పౌరుషం గురించి ఒక వాక్యం కూడా పడాలి. సినిమాల్లో మనవాళ్లు తొడ కొట్టేది చూసి చూసి ఆ వాక్యం చేతికి అలవాటైపోయింది.

కానీ రాయబోయేసరికి చిన్నాయన అడ్డమొచ్చాడు.

గార్డు దగ్గర నేర్చుకున్నవాళ్లలో చిన్నాయనే మొనగాడు. చేతిలో ఏమున్నా లేకున్నా "ఆట నాది" అనేవాడు. మిగిలినవాళ్లు ముక్కల వంక చూసి లెక్క వేసుకుంటారు, ఈయన ఎదుటివాళ్ల మొహాలు చూసి అనేస్తాడు. సగంసార్లు గెలిచేవాడు కూడా. బేస్తు పడితే నవ్వి, నడుమ పైకం పెట్టి, మళ్లీ పంచమనేవాడు. ఊరంతా ఆయన్ని అందుకే మెచ్చుకునేది. మనిషంటే అట్లుండాలనేది.

ఆయన మామిడితోటలో బావి ఎండింది. కోడూరు చుట్టుపక్కల తోటలన్నిటిలోనూ బావులు ఎండిన కాలమది. బోరు బండ్లు అప్పుడే సేలం వైపు నుంచి దిగుతున్నాయి. పాయింటు పెట్టేవాడొచ్చి అరచేతిలో టెంకాయ పెట్టుకుని తోటంతా తిరిగాడు, టెంకాయ నిలబడ్డ చోట గుంజ పాతించాడు. బండి వచ్చింది. రెండు వందల అడుగులకు తడి మట్టి వచ్చింది, మూడు వందలకు రాయి, ఆపైన తెల్ల దుమ్ము. బండివాడు ఆపి అడిగాడు, "ఏం చేద్దాం?" చిన్నాయన, "ఇంగొక్క నూరు పోనీ." లెక్క అడుగుకింత. నూరు పోయినాక మళ్లీ నూరు. ఆ బోరు ఎండిపోతే ఈశాన్యం మూల ఇంకొకటి. దానికోసం రోడ్డు పక్క చేను కుదవబెట్టాడు. అదీ దుమ్మే. మూడోదానికి మా నాయన వద్దన్నాడు. చిన్నాయన అన్నది నాకిప్పటికీ వినబడుతుంది: "మొదలుపెట్టినాక యెనక్కి పోతే నలుగుర్లో ఏముంటాది?"

సరిగ్గా బేస్తు ఆట లెక్క. "ఆట నాది" అన్నాక నడుమ ఎంతుంటే అంతా మళ్లీ పెట్టాలి. మళ్లీ ఓడితే నడుమ ఉన్నది రెండింతలయి ఉంటుంది, దాన్ని మళ్లీ పెట్టాలి. గార్డు నేర్పిన ఆటలో నడిమధ్య లేచిపోవడానికి దారే లేదు, అందుకు మాటే లేదు. మామిడితోట పోయినాక చిన్నాయన మంగంపేట దగ్గర ఒక మిల్లులో కాటా దగ్గర గుమాస్తాగా చేరాడు. లారీ లోపలికి వచ్చేటప్పుడు ఖాళీ బరువు, బయటికి పోయేటప్పుడు నిండు బరువు రాసుకునేవాడు. ఎక్కడో సముద్రం అవతల నూనె బావుల అడుగుకు పోయే పొడి అది. అక్కడ కూడా బావి తొలిచేవాళ్లుంటారు, కానీ వాళ్లు ఏ లోతుకు ఎంత బరువు బురద పోయాలో ముందే లెక్క కట్టుకుంటారు, ఒత్తిడి లెక్క తప్పితే ఆపి బావిని మూసేస్తారు. మూసేసినవాణ్ణి అక్కడెవరూ పిరికివాడనరు. దాన్ని పనితనమంటారు.

అందుకని కుర్రాళ్లను తిట్టే ఆ పేరా కొట్టేశాను. మా అక్క కొడుకు నోట వినబడే ఆ పొడి పొడి మాట, డ్రాపు, మన సీమ నిఘంటువులో ఎప్పుడూ లేని మాట. కక్షల్లో లేదు, కోర్టు వ్యాజ్యాల్లో లేదు, పెళ్లి ఖర్చుల్లో లేదు, బోర్లలో అసలే లేదు. ఇరవై పాయింట్లు ఓడిపోయానని ఒప్పుకుని, మిగతా అరవై కాపాడుకునే మర్యాద ఒకటుంటుందని మనకు ఇంకే ఆటా నేర్పలేదు. సికింద్రాబాదు క్లబ్బు ఒకదాని కేసులో 1967లో సుప్రీంకోర్టు రమ్మీ జూదం కాదు, ప్రధానంగా నైపుణ్యమేనని చెప్పినప్పుడు చూపించిన కారణం కూడా ఇలాంటిదే: పడిపోయిన ముక్కలు గుర్తుంచుకోవాలి, ఏది పట్టుకోవాలో ఏది వదలాలో తెలియాలి. వదలడం కూడా నైపుణ్యమేనని అంత పెద్ద కోర్టు అంది. డబ్బు పెట్టి ఫోన్లో ఆడే రమ్మీని మన రాష్ట్రం 2020లో, కేంద్రం 2025లో నిషేధించాయి. మంచిదే. ఫోన్లో ఆడినవాళ్లు ఎన్ని ముక్కలు బోర్లించినా ఆ ఫోను బోర్లించలేకపోయారు. కానీ చెట్టు కింద తువ్వాలు మీది డ్రాపును నేను ఇక వెక్కిరించను. బేస్తు మీద ప్రేమ పోయిందా అంటే, పోలేదు. మాటగా అది గొప్ప మాట. దాని ప్రకారం బతకమంటేనే నాకు భయం.

మొన్న చిట్వేలి దారిలో ఒక తోటలో బోరు బండి ఆడుతుంటే ఆగాను. నడివయసు రైతు. నాలుగు వందల అడుగులు పోయింది, దుమ్ము లేస్తోంది. బండివాడు అలవాటు ప్రకారం, "అన్నా, ఇంగొక నూరు?" అన్నాడు. రైతు కాసేపు ఆ దుమ్మును చూసి, భుజం మీది తువ్వాలు దులుపుకుని, "డ్రాప్ సామీ. బండి తీస్కపో, అయినకాడికి లెక్క చెప్పు" అన్నాడు. చుట్టూ చూస్తున్నవాళ్లు కిసుక్కుమన్నారు. వాళ్లలో ఒకాయన మాత్రం నవ్వకుండా అడ్డం తగులుకున్నాడు: "డ్రాప్ యాడిది అబ్బీ? నాలుగు నూర్లు దిగినాక డ్రాప్ అంటే ఎవడు ఒప్పుకుంటాడు? అది మిడిల్ డ్రాప్. నలభై రాసుకోవల్ల." రైతు, తాను కేసింగు దించకముందే ఆపాడు కాబట్టి ఇరవయ్యే అంటాడు. నేను బస్సు కోసం అక్కణ్ణుంచి కదిలేసరికి ఇంకా తేలలేదు.